గోడంత బొమ్మ, గోరంత దస్త్రం



చాలా కాలానికి మళ్ళీ ఈ పుట తెరిచాను. ఈసారి ప్రస్తావన పద్యం గురించీ కాదు, వ్యాకరణం గురించీ కాదు, బొమ్మల గురించి. తెలుగు పండితుడికి బొమ్మలతో ఏం పనని నవ్వుకోకండి. పని పడింది. పడ్డాక తెలిసివచ్చిన సంగతులు కొన్ని, నేను స్వయంగా చేసిన అపరాధం ఒకటి, వాటి మీద నా అభిప్రాయం మీ ముందు పెడుతున్నాను. అంగీకరించనివారు ఎప్పటిలాగే మొహమాటం లేకుండా కాదనవచ్చు.

నేను పదవీ విరమణ చేసిన పాఠశాలలో గ్రంథాలయానికి కొత్త గది కట్టారు. పూర్వవిద్యార్థులు చందాలు వేసుకొని రంగులు, బీరువాలు, బల్లలు సమకూర్చారు. గోడలు మాత్రం బోసిగా మిగిలాయి. ఇప్పటి ప్రధానోపాధ్యాయుడు ఒకప్పుడు నా శిష్యుడే. "మాస్టారూ, ఒక్కొక్కటి ఆరడుగుల వెడల్పున నాలుగు బొమ్మలు పెట్టిద్దామండీ. ఏవి పెట్టాలో మీరే ఎంచండి. ఇంటర్నెట్లో అన్నీ దొరుకుతాయి కదా" అన్నాడు. అన్నీ దొరుకుతాయన్న మాటను నేనూ నమ్మాను.

ఆ రాత్రే కూర్చుని నిర్ణయించుకున్నాను. ఒక గోడ ఆకాశానికి, ఒక గోడ మన చేతిపనికి, ఒకటి మన చిత్రకళకు, చివరిది మన లిపికి. చిత్రకళకు ఎవరిని ఎంచుకోవాలన్న సందేహమే కలగలేదు. దామెర్ల రామారావు. 1897లో పుట్టి, 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే వెళ్ళిపోయిన మహానుభావుడు. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట చిత్రశాల ఉంది. ఆయన 'సిద్ధార్థ రాగోదయం' పేరు కొట్టి వెతికితే తెర నిండా బొమ్మలు వచ్చాయి. అందులో బాగున్నదాన్ని దించుకొని, పెన్‌డ్రైవులో వేసుకొని, మా ఊరి ఫ్లెక్సీల దుకాణానికి వెళ్ళాను.

దుకాణంలోని కుర్రవాడు దస్త్రం తెరిచి, ఒక్క క్షణం చూసి, "ఇది కొడితే పగిలిపోద్దండి మాస్టారూ" అన్నాడు.

నాకు ఆ 'పగలడం' అర్థం కాలేదు. అద్దమా, కుండా? అతడు నా సందేహం గ్రహించి, బొమ్మను తెర మీద పెద్దది చేసి చూపించాడు. సిద్ధార్థుడి ముఖం గళ్ళగళ్ళుగా విడిపోయి, చదరంగపు బల్లకు రంగులు పూసినట్లయింది. ఆ మాట ఎవరు పుట్టించారో గాని, బహుచక్కని ప్రయోగం. ఏ నిఘంటువులోనూ ఈ అర్థం ఎక్కి ఉండదు.

నలభై ఏళ్ళు నేను పాఠం చెప్పాను. ఆ పూట అతడు నాకు చెప్పాడు. బొమ్మ అంటే చుక్కల లెక్క. నేను తెచ్చిన దస్త్రం 640 చుక్కల వెడల్పు. ఆరడుగులంటే 72 అంగుళాలు. పంచి చూస్తే అంగుళానికి తొమ్మిది చుక్కలు కూడా రావు. ఒక్కొక్క చుక్క గోడ మీద నువ్వుగింజంత అవుతుంది. పుస్తకంలో అచ్చయ్యే బొమ్మకు అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. గోడబొమ్మకు అంత అక్కరలేదు. దాన్ని ఎవరూ ఒళ్ళో పెట్టుకొని చూడరు. మీటరు దూరంలో నిలబడినవారికి అంగుళానికి 90 చుక్కలు దాటితే మామూలు కంటికి తేడా పట్టుబడదు. రెండు మీటర్లకు అందులో సగం చాలు. అయితే బడిపిల్లలు దూరంగా నిలబడతారని నమ్మేవాడు ఉపాధ్యాయుడే కాదు. ముక్కు ఆనించి చూస్తారు. అందుకని అంగుళానికి కనీసం నూరు కావాలనుకున్నాం. అంటే ఆరడుగుల వెడల్పుకు 7,200 చుక్కలు. నా దస్త్రంలో ఉన్నది అందులో పదో వంతు కూడా కాదు.

"ఆ 72 అన్న అంకెను 300 చేసేస్తే సరిపోతుందట కదా?" అని నా పక్కనున్న పెద్దమనిషి ఒకాయన సలహా ఇచ్చాడు. కుర్రవాడు నవ్వాడు. ఆ అంకె మారిస్తే చుక్కలు పుట్టుకురావు. శేరు బియ్యపు సంచి మీద మణుగని రాసినంత మాత్రాన సంచి నిండుతుందా?

ఇంటికి వచ్చి మళ్ళీ వెతకడం మొదలుపెట్టాను. ఈ వెతుకులాటలో నేర్చుకున్నవి, మీలో కొందరికైనా పనికివస్తాయని, నాలుగు ముక్కలు చెబుతాను. గూగులమ్మ చూపే బొమ్మ బొమ్మ కాదు, బొమ్మకు నీడ. దాని మీదే మీట నొక్కి దాచుకుంటే నీడే వస్తుంది. బొమ్మ ఉన్న పుటకు వెళ్ళాలి. పరిమాణం పెద్దవి మాత్రమే చూపమని అడిగే సదుపాయం ఉంది, వాడుకోవాలి. మన దగ్గర చిన్న బొమ్మ ఉంటే, టిన్‌ఐ అనే జాలస్థలిలో దాన్ని ఎక్కించి, అదే బొమ్మకు పెద్ద ప్రతి ఎక్కడుందో వెతకవచ్చు. పెద్దవి ముందు వచ్చేటట్లు వరుస పెట్టుకోవచ్చు కూడా. వికీమీడియా కామన్స్‌లో కనిపించే బొమ్మ కింద అసలు దస్త్రానికి లంకె ఉంటుంది. చాలామంది అది చూడకుండా పైదాన్నే దించుకుంటారు. ఇంత కష్టపడి సంపాదించిన దస్త్రాన్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించి పడేస్తుంది. మా ప్రధానోపాధ్యాయుడు అదే పని చేశాడు. డాక్యుమెంటుగా పంపవయ్యా అని రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఆకాశపు గోడ ఒక్క పూటలో తేలిపోయింది. జేమ్స్ వెబ్ దూరదర్శిని తీసిన కెరీనా నీహారిక అంచు చిత్రాన్ని నాసా 2022 జూలై 12న విడుదల చేసింది. 14,575 చుక్కల వెడల్పు, 8,441 చుక్కల ఎత్తు. ఆరడుగులకు పంచినా అంగుళానికి రెండు వందలు. నాసా తన చిత్రాల మీద సాధారణంగా కాపీహక్కు కోరదు. ఎవరూ సంజాయిషీ అడగలేదు, ఎవరికీ అర్జీ పెట్టలేదు. ఊరిబడి గ్రంథాలయం గోడకు కావలసిన దస్త్రం వాళ్ళ గడప దాటి మా ఇంటికి రావడానికి పట్టిన కాలం, మా ఆవిడ కాఫీ కలిపినంతసేపు.

రెండో గోడ అంత సులువుగా కుదరలేదు. చేతిపని అంటే మాకు కలంకారీయే. బందరు, పెడన మాకు దూరమేమీ కాదు. మన దేశంలోనే ఒక సంగ్రహాలయంలో ఉన్న పాత కలంకారీ గుడ్డ ఒకటి నా మనసులో ఉంది. పాఠశాల తరఫున వినయంగా ఉత్తరం రాశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది: ఫలానా నమూనాలో, ఫలానా పై అధికారి ద్వారా, మూడు ప్రతుల్లో దరఖాస్తు చేసుకోవాలట. చేశాం. చివరికి వచ్చిన చిత్రం 800 చుక్కల వెడల్పు. పైగా నడిబొడ్డున అడ్డంగా సంస్థవారి ముద్ర. ఆ సంస్థ పేరు చెప్పను. అక్కడ పనిచేసేవారు దుర్మార్గులు కారు. వాళ్ళకు ఇచ్చిన నియమం అది.

విసిగి, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం వారి సేకరణలో వెతికాను. 1640-50 ప్రాంతాల గోల్కొండ రాజ్యంలో తయారైన కలంకారీ రుమాలు అక్కడ ఉంది. కప్పడానికి వాడే గుడ్డ. దాని నిండా మనుషులు, చెట్లు, పక్షులు. ఆ మ్యూజియంవారు 2017 ఫిబ్రవరిలో, హక్కుల గడువు తీరిన తమ వస్తువుల చిత్రాలను 3,75,000కు పైగా, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చునని ప్రకటించి వదిలిపెట్టారు. దించుకోండి అన్న గుర్తు బొమ్మ కిందే ఉంది. నొక్కాను. వచ్చింది. ఆరడుగులకు చాలలేదు గాని మూడున్నర అడుగులకు నిక్షేపంగా సరిపోయింది.

మిత్రులారా, ఇది నాకు సంతోషమూ కలిగించింది, సిగ్గూ కలిగించింది. మన తీరాన మన చేతులు రంగులద్దిన గుడ్డ. ఓడలెక్కి పోయింది. దాని రూపం మన గోడ మీదకు తిరిగి రావడానికి సముద్రాల అవతలివాడి ఔదార్యం కావలసి వచ్చింది. మన దగ్గరే ఉన్న దాని తోబుట్టువుకు మాత్రం మూడు ప్రతుల దరఖాస్తు!

ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియం సంగతి చూడండి. 2012లోనే రైక్స్‌స్టూడియో పేరిట తమ చిత్రాలను జనానికి అప్పగించారు. రెంబ్రాంట్ 1642లో చిత్రించిన 'నైట్ వాచ్'ను ఎంత సూక్ష్మంగా తీశారంటే, 2022 జనవరిలో వారు పెట్టిన ప్రతిలో 71,700 కోట్ల చుక్కలున్నాయి. చుక్కకూ చుక్కకూ ఎడం మిల్లీమీటరులో రెండు వందలవ వంతు. ఆయన ఆ బొమ్మ వేస్తున్న రోజుల్లోనే డచ్చివారి ఓడలు మచిలీపట్నం రేవులో మన గుడ్డలు ఎక్కించుకుంటున్నాయి. తానీషా కాలంలో, 1686 ప్రాంతాల, గోల్కొండలో గీసిన పాదుషాల బొమ్మల ఆల్బం ఒకటి కూడా ఆ మ్యూజియంలోనే ఉంది. ఇలా వదిలేస్తే మూలచిత్రానికి విలువ పోతుందనీ, చూడవచ్చేవారు తగ్గిపోతారనీ మనవాళ్ళు భయపడతారు. ఆ మ్యూజియానికి మామూలు సంవత్సరాల్లో ఇరవై లక్షల మందికి పైగా వస్తూనే ఉన్నారు. క్యాలెండర్లవాళ్ళు కాజేస్తారన్నది రెండో భయం. చిన్న బొమ్మనైనా కాజేసేవాడు కాజేస్తూనే ఉన్నాడు. చిన్న బొమ్మతో దెబ్బతిన్నది బడి ఒక్కటే.

హక్కులున్న చోట మాత్రం నేను గట్టివాణ్ణే. మా పూర్వవిద్యార్థి ఒకడు వడ్డాది పాపయ్యగారి చందమామ ముఖచిత్రం వేద్దామన్నాడు. నాకూ ప్రాణమే. కాని ఆయన 1992 డిసెంబరులో పోయారు. మన చట్టం ప్రకారం చిత్రకారుడి మరణానంతరం అరవై ఏళ్ళు, అంటే 2052 చివరిదాకా హక్కు నిలిచి ఉంటుంది. బాపుగారి బొమ్మలకైతే 2074 దాకా. జాలంలో కనిపించడం వేరు, మనదవడం వేరు. పైగా పత్రికలో అచ్చయిన బొమ్మను ఎంత జాగ్రత్తగా స్కాన్ చేసి పెంచినా, పెరిగేవి అచ్చుచుక్కలే. కుంచె గీత కాదు. రామారావుగారి విషయం అలా కాదు. ఆయన హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ బొమ్మలు న్యాయంగా మనందరివీ. ఉన్న అడ్డల్లా, మంచి ఛాయాచిత్రం మన చేతికి రాకపోవడమే.

ఇంతవరకు ఎవరినో అన్నాను. ఇక నా సంగతి.

నాలుగో గోడ లిపికని చెప్పాను కదా. దానికి ఏం పెట్టాలో నాకు మొదటినుంచీ తెలుసు. మా ముత్తాతగారు గంటంతో రాసుకున్న ఇంటివైద్యపు తాటాకుల కట్ట ఒకటి మా అటక మీద ఉండేది. 2007లో మా మేనల్లుడి కెమెరాతో అందులో ఒక ఆకును ఫొటో తీసి, ఇదే పుటలో పెట్టాను. ఆనాటి మిత్రుల్లో కొందరికి గుర్తుండే ఉంటుంది. వలపలగిలక గురించి పెద్ద చర్చే నడిచింది. ఆ కెమెరా తీసిన అసలు బొమ్మ 2,592 చుక్కల వెడల్పు. పుట తెరుచుకోవడానికి ఆలస్యమవుతుందనీ, ఉచితంగా ఇచ్చిన స్థలం నిండిపోతుందనీ దాన్ని 400 చుక్కలకు కుదించాను. నలభై రెండు చుక్కలున్న చోట ఒక్కటి మిగిల్చానన్నమాట. అసలును ఒక సీడీలో దాచాను. సీడీ ఇప్పుడు ఏ యంత్రంలోనూ చదవబడడం లేదు. 2010 వానాకాలంలో అటక కారి కట్ట తడిసింది. మేము చూసుకునేసరికి మిగతాది చెదలు ముగించాయి. ఆ ఆకుకు ఈ లోకంలో మిగిలిన రూపం, ఈ పుటలో ఉన్న ఆ 400 చుక్కలే.

దాన్నే పట్టుకెళ్ళి దుకాణంలో చూపించాను. కుర్రవాడు జాలిపడి, "ఏఐలో పెట్టి పెంచేద్దామండి" అన్నాడు. నిమిషం తిరగకుండా గోడంత తాటాకు తెర మీద ప్రత్యక్షమైంది. ఆకు ఈనెలు, తాడు దూర్చే రంధ్రం, మసి నిండిన గీతలు, అన్నీ నిగనిగలాడుతున్నాయి. నా కళ్ళు చెమర్చాయి. అద్దాలు తుడుచుకొని చదవబోయాను.

ఒక్క అక్షరమూ అక్షరం కాదు.

దూరం నుంచి అది తెలుగే. దగ్గరికి వెళితే ఏ భాషా కాదు. 'క'కూ 'ఠ'కూ మధ్య ఎక్కడో పుట్టిన ఆకృతి. కొమ్ము ఉండవలసిన చోట గుడి లాంటి వంపు. ఏ హల్లుకూ చెందని ఒత్తు. మసక బొమ్మలో కూడా నాకు తెలిసిన 'శొంఠి' అన్న మాట, ఈ స్పష్టమైన బొమ్మలో ఏమీ కాకుండా పోయింది. యంత్రాన్ని నేను నిందించను. ఇలాంటి చోట సాధారణంగా ఎలాంటి గీత ఉంటుందో అది ఊహించి నింపింది. ఆకాశంలో ఒక మేఘాన్ని అలా నింపితే ఎవరికీ నష్టం లేదు. రాతలో నింపితే, ముఖంలో నింపితే, దానికి మన శాస్త్రంలో పేరుంది: ప్రక్షిప్తం. తెలిసి చేసినవాడి ప్రక్షిప్తాన్నైనా శైలిని బట్టి పట్టుకోవచ్చు. ఇది మా ముత్తాతగారి ఆకు మీద, ఆయన గంటంతోనే రాసినట్లు కూర్చుంది. పిల్లలు అదే పాతకాలపు తెలుగనుకొని నోటు పుస్తకాల్లో దించుకుంటారు.

పూర్వం ప్రతి రాసేవాడికి మాతృకలో ఆకు చిరిగి కనిపించినప్పుడు, యోగ్యుడైతే అక్కడ ఖాళీ వదిలేవాడు. పరిష్కర్తలు అచ్చులో అక్కడ చుక్కలు పెట్టి 'గ్రంథపాతము' అని వేసేవారు. తెలియదని చెప్పడం కూడా వారి పాండిత్యంలో భాగమే. "వద్దు నాయనా, తీసెయ్" అన్నాను. "ఇంత బాగా వచ్చింది కదండీ!" అని అతడు నిజంగానే నొచ్చుకున్నాడు.

మిత్రులారా, నా అభిప్రాయం ఇది. లేఖినిలో ఒక్కొక్క అక్షరం కొట్టుకుంటూ తెలుగును జాలంలోకి ఎక్కించిన తరం మనది. యూనికోడులో ఎవరు చదువుతారన్నారు, అయినా ఎక్కించాం. ఆనాడు మనం కొట్టిన పద్యం ఈనాటికీ చెక్కుచెదరలేదు. గోడంత చేసినా పగలదు. బొమ్మల విషయంలో మాత్రం మనం పెట్టినవన్నీ పొట్టివి. అది ఆనాటి ఇబ్బంది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, అలవాటు మిగిలింది. సంగ్రహాలయాలు హక్కులు తీరిన వాటి పెద్ద ప్రతులను బేషరతుగా వదలాలి. ప్రజల సొమ్ముతో తీసిన ఛాయాచిత్రానికి ప్రజలు మూడు ప్రతుల్లో అర్జీ పెట్టుకోవడం అన్యాయం. అలాగే మీ ఇంట్లో తాటాకో, తాతగారి ఫొటోయో, ఊరి గుడిలో వెలిసిపోతున్న కుడ్యచిత్రమో ఉంటే, ఉన్నంత పెద్దదిగా తీసి, కుదించకుండా, ముద్ర వేయకుండా కామన్స్‌లో పెట్టండి. మీ పాత కెమెరా కార్డులు, సీడీలు ఈ ఆదివారమే ఒకసారి తెరిచి చూడండి. నాలాగా కుదించినవి మాత్రమే మిగిల్చుకున్నవారు ఎంతమందో నాకు చెప్పండి.

గది ప్రారంభమైంది. నీహారిక ఆరడుగులూ పరుచుకొని ఉంది. పిల్లలు అనుకున్నట్లే ముక్కు ఆనించి చూస్తున్నారు. కలంకారీ దాని పక్క గోడ మీద. రామారావుగారి చోటు ఖాళీగానే ఉంచమన్నాను. వచ్చే వారం రాజమహేంద్రవరం బస్సెక్కి, పాఠశాల అర్జీ పట్టుకొని చిత్రశాలకు వెళుతున్నాను. మా కుర్రవాడు తన కెమెరాతో తోడు వస్తానన్నాడు. నాలుగో గోడకు ఆరడుగుల చట్రం కట్టించి, తెల్ల అట్ట పరిపించి, దాని నడుమ తాటాకును అంగుళానికి నూరు చుక్కల లెక్కన, నాలుగంగుళాల వెడల్పున అతికించాం. కింద నా చేత్తో 'గ్రంథపాతము' అని రాశాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వచ్చి, ఇంత పెద్ద చట్రంలో ఇంత చిన్న బొమ్మ ఎందుకు పెట్టారు తాతగారూ అని అడిగింది. కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను.